ముల్లుకూ మోతకూ నడుమ

*అటకల మీది పాత ప్లేట్లు మరల క్రిందికి దిగుచున్నవి. వాటిని పలికించుటకు చేతితో కట్టిన ఒక చిన్న పెట్టెను జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇండ్లలో అమ్మవలెనన్నచో ఏమి అమ్మవలసియుండును? ఏమి కొనవలసియుండును?*

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు వద్ద ఆదివారపు సాయంకాలపు రద్దీని వెనుక విడిచి, ఫిల్మ్‌నగర్ వైపు దిగు ఏటవాలు వీధులలో ఒకదాని మలుపున, మూడవ అంతస్తులోని ఒక గదిలో నలుగురు మనుష్యులు ఊపిరి బిగబట్టి, ఏ ధ్వనియు రాకుండుటను పరీక్షించుచున్నారు. టర్న్‌టేబుల్ మీద ప్లేటు లేదు. ముల్లు తన ఆధారము మీదనే నిలిచియున్నది. ఆంప్లిఫయరు వాల్యూము మాత్రము, పాట వినునపుడు ఎవ్వరును సాహసింపనంత దూరము తిప్పబడియున్నది. స్పీకరునకు చెవి యానించి వంగిన యువకుడు చలనచిత్రములకు శబ్దమిశ్రమము చేయు వృత్తిలోనివాడు. అతనికెదురుగా గుడ్డసంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్న పెద్దమనిషి ఎలక్ట్రానిక్స్ కర్మాగారములో చిరకాలము పనిచేసి విరమించినవాడు. ఇద్దరి నడుమ, బల్లమీద, జానెడు వెడల్పు గల అల్యూమినియపు పెట్టె ఒకటి.

“ఏమీ రావడం లేదు గురువుగారూ,” అన్నాడు యువకుడు.

“రాకూడదు నాయనా. నాకు మూడు నెలలు పట్టింది దానికే,” అన్నాడు పెద్దాయన.

అప్పుడు గాని సంచిలోనుండి ప్లేటు బయటికి రాలేదు. అప్పుడు గాని బేరము మొదలు కాలేదు.

ఆ పెట్టె పేరు ఫోనో ప్రీయాంప్. టర్న్‌టేబుల్‌కును ఆంప్లిఫయరుకును నడుమ నుండి, ముల్లు తెచ్చిన అత్యల్ప విద్యుత్తును పాటగా వినదగినంతకు పెంచుట దాని పని. 1970 ప్రాంతపు ఆంప్లిఫయర్లలో ఇది అంతర్భాగముగానే యుండెడిది. సీడీల కాలము వచ్చిన పిమ్మట తయారీదారులు ఖర్చు తగ్గించుకొనుటకై దానిని తీసివేసిరి. ఇప్పుడు ప్లేటు తిరిగి వచ్చినది గాని, తీసివేసిన ఆ భాగము అన్ని ఆంప్లిఫయర్లలోనికి తిరిగి రాలేదు. అమెరికాలో 2022 సంవత్సరమున 4.1 కోట్ల వినైల్ ప్లేట్లు అమ్ముడుపోగా సీడీలు 3.3 కోట్లు మాత్రమే అమ్ముడుపోయినవి. 1987 తరువాత సంఖ్యలో ప్లేటు సీడీని మించుట అదియే ప్రథమము. మన దేశమునను, కొన్ని దశాబ్దముల విరామానంతరము, 2024లో ముంబయి ప్రాంతమున ప్లేట్లు ముద్రించు కర్మాగారమొకటి పని ప్రారంభించినది. ఉత్సాహముతో టర్న్‌టేబుల్ కొని తెచ్చి, ఇంటనున్న ఆంప్లిఫయరుకు తగిలించి, పాట ఎక్కడనో పొరుగింటిలో వినవచ్చుచున్నట్లు పలుచగా, బలహీనముగా వచ్చుట చూచి ఖిన్నుడైన ప్రతివాడును ఈ పెట్టెకు కాబోవు కొనుగోలుదారుడే.

వెయ్యో వంతుల విద్య

సిద్ధాంతమును ఎక్కువగా తడుమక, పని మాత్రము చెప్పుకొందము. ప్లేటు గాడిలో ముల్లు కదలినపుడు, దాని వెనుకనున్న కార్ట్రిడ్జ్‌లో పుట్టు విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతులతో కొలువవలసినంత స్వల్పము. సామాన్యమగు మూవింగ్ మాగ్నెట్ రకమైనచో అయిదు మిల్లీవోల్టుల పాటి. మూవింగ్ కాయిల్ రకమైనచో అందులో పదవ వంతు, కొన్నిట అంతకన్న తక్కువ. మొదటిదానిని నూరు రెట్లు, రెండవదానిని వేయి రెట్లు పెంచవలెను.

పెంచుట ఒక్కటే పనియైనచో ఈ విద్య ఇంత కష్టతరము కాదు. ప్లేటు కోయునపుడు మంద్రస్వరములను ఉన్నవి ఉన్నట్లు చెక్కినచో గాడి అటునిటు విపరీతముగా ఊగి ప్రక్క గాడిలోనికి చొచ్చుకొనిపోవును. తారస్వరములను ఉన్నవి ఉన్నట్లు చెక్కినచో అవి గీతల రాపిడి సవ్వడిలో మునిగిపోవును. కనుక చెక్కువారు మంద్రమును తగ్గించి, తారమును హెచ్చించి చెక్కుదురు. వినువారి పెట్టె దానికి సరిగా విలోమమగు దిద్దుబాటు చేసి, తగ్గించినదానిని హెచ్చించి, హెచ్చించినదానిని తగ్గింపవలెను. ఈ దిద్దుబాటులో ఏమాత్రము తేడా వచ్చినను గాయకుని కంఠము ముక్కుతో పాడినట్లు కాని, మృదంగము మూటకట్టి మ్రోగించినట్లు కాని వినబడును. చిన్న రెసిస్టరు, చిన్న కెపాసిటరు చెప్పిన విలువకు ఎంత దగ్గరగా నున్నవను విషయము మీద ఘంటసాల కంఠము ఘంటసాల కంఠముగా వినబడుట ఆధారపడియున్నది. అందుచేతనే ఈ పనివారు వందలకొలది కెపాసిటర్లు కొని తెచ్చి, మీటరు పెట్టి ఒక్కొక్కదానిని కొలిచి, కుడి ఎడమలకు సరిపోవు జంటలను ఏరుకొని, మిగిలినవానిని ప్రక్కన పెట్టుదురు.

> గాడిలోని లెక్క
> • ప్రపంచమంతట నేడు వాడుకలోనున్న దిద్దుబాటు కొలత ఆర్.ఐ.ఎ.ఎ. అను అమెరికా రికార్డు సంస్థల సంఘము 1954లో స్థిరపరచినది. అంతకు పూర్వము ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క కొలత.
> • అత్యంత మంద్రస్వరమునకును (20 హెర్ట్జ్) అత్యంత తారస్వరమునకును (20,000 హెర్ట్జ్) ఈ పెట్టె చేయు పెంపులో తేడా దాదాపు 90 రెట్లు.
> • మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు పెట్టె చూపవలసిన నిరోధము 47,000 ఓములు.
> • నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్లేటునకు ఎల్.పి. ముల్లు పనికిరాదు, 78 ముల్లు మొన ఎల్.పి. ముల్లు మొనకన్న సుమారు మూడు రెట్లు వెడల్పుగా నుండవలెను.

మద్రాసులో పాట, దమ్‌దమ్‌లో ప్లేటు

తెలుగు చలనచిత్ర రంగమునకు నేడు రాజధానియైన ఈ కొండలలో, పాత ప్లేటు ఒక విధముగా పరదేశి. మన సినిమాపాట స్వర్ణయుగమున మద్రాసు స్టూడియోలలో పాడబడినది. ‘మల్లీశ్వరి’ (1951), ‘దేవదాసు’ (1953), ‘మాయాబజార్’ (1957) పాటలు ధ్వనిముద్రణ పొందిన కాలమున జూబిలీహిల్స్ అనగా బండలును, ముళ్ళకంపలును. మద్రాసులో ముద్రితమైన పాట కలకత్తా సమీపముననున్న దమ్‌దమ్‌కు ప్రయాణము చేసి, గ్రామఫోను కంపెనీ కర్మాగారములో ప్లేటుగా మారి, అక్కడినుండి రైళ్ళెక్కి బెజవాడకును, రాజమండ్రికిని, సికింద్రాబాదుకును చేరెడిది. కరుణశ్రీ పద్యములు ఘంటసాల కంఠమున ఇంటింటికి వెళ్ళినది ఈ మార్గముననే. ఆయన తన చివరి రోజులలో పాడిన భగవద్గీత సయితము, 1974లో ఆయన అస్తమయానంతరము, ప్లేటు రూపముననే తెలుగు లోగిళ్ళలోనికి అడుగుపెట్టినది.

1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను ఈ కొండలలో నెలకొల్పినారు. తదుపరి రామానాయుడు స్టూడియో, పద్మాలయ స్టూడియో వంటివి వెలసినవి. నటులు, సాంకేతికులు క్రమక్రమముగా మద్రాసు విడిచి వచ్చిరి. వారు వచ్చి స్థిరపడుచున్న ఆ సంవత్సరములలోనే కాసెట్టు వచ్చి ప్లేటును తరిమివేయుచున్నది. ‘శంకరాభరణం’ (1980) ఎల్.పి.ని అపురూపముగా దాచుకొన్న కుటుంబములే పదేండ్లు తిరుగకుండ కాసెట్లతో అలమారులు నింపుకొనినవి. అనగా, తెలుగు సినిమా హైదరాబాదునకు వచ్చునాటికి తెలుగు ప్లేటు ఆయుర్దాయము ముగింపునకు వచ్చినది. ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన తరమునకు తాతల ప్లేటు వినవలెనన్న కోరిక కేవలము వేడుక కాదు. తమ వృత్తికి మూలమైన కాలమును మొదటిసారి చెవులతో పరిచయము చేసికొనుట.

ఆ పరిచయమునకు ఒక ప్రయోజనము కూడ కలదు. పదంగుళముల 78 ప్లేటు ఒక్క ప్రక్కన మూడు నిమిషములకు కొంచెము మించి పాట పట్టదు. అందుచేత తెరమీద నిడివిగా నున్న పాటను ప్లేటుకై కుదించుటయో, రెండు ప్రక్కలకు విరిచి పాడుటయో జరిగెడిది. ఒకే పాటకు సినిమా పాఠము, ప్లేటు పాఠము వేరువేరుగా నుండుట పాత పాటల రసికులకు తెలిసిన సంగతియే. మద్రాసులో నివసించు సంగీత వ్యాసకర్త వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది ప్లేట్లను సేకరించి భద్రపరచుటలోని విలువ ఇట్టిచోట తెలియును. ప్లేటు పోయిన యెడల ఆ పాఠమే పోవును.

మన అలమారు వేరు

బజారులో సిద్ధముగా దొరకు ఫోనో ప్రీయాంప్‌లు కొన్ని వేల రూపాయలనుండి లక్షల వరకు కలవు. పేరున్న పెట్టె దొరకుచుండగా చేతితో కట్టినదానిని ఎవరైనను ఎందులకు కొందురు? ఈ ప్రశ్నకు అమ్మువాడు చెప్పదగిన సమాధానములలో బలమైనది ఒక్కటే. విదేశపు కర్మాగారము తన దేశపు శ్రోత అలమారును దృష్టిలో నుంచుకొని పెట్టె తయారు చేయును. మన అలమారు వేరు.

పాశ్చాత్య దేశములలో నేటి శ్రోత ఎక్కువగా వినునది స్టీరియో ఎల్.పి.లు. మన ఇండ్లలో దొరకునవి ఏవి? తాతగారి కాలపు 78 ప్లేట్లు, వానిలో నాటకపద్యములు, హరికథలు. తండ్రిగారి కాలపు 45 చుట్ల చిన్న ఈ.పి.లు, ఒక్కొక్కదానిలో నాలుగేసి సినిమా పాటలు, పెక్కు మోనో ముద్రణలు; ఆ పిమ్మటనే స్టీరియో ఎల్.పి.లు. ఇతర దేశములు విడిచిపెట్టిన పిమ్మటకూడ మన దేశమున 78 ప్లేట్ల ముద్రణ కొనసాగినది. 1960ల దశకమున బీటిల్స్ పాటలు సయితము భారతదేశమున 78 ప్లేట్లుగా వెలువడినవి. ఇంత వైవిధ్యము గల అలమారునకు ఒకే కొలతగల పెట్టె సరిపడదు.

కావున ఇచ్చట పెట్టె కట్టువాడు ముందువైపు రెండు మీటలు అదనముగా పెట్టిననే తన పనికి సార్థకత. ఒకటి మోనో మీట. మోనో ప్లేటు గాడిలో పాట అడ్డముగా మాత్రమే చెక్కబడియుండును. ముల్లు క్రిందికిమీదికి ఎగురుటవలన వచ్చునది కేవలము దుమ్ము, గీతలు, అరుగుదల చేయు రొద. కుడియెడమలను కలిపినచో ఆ రొదలో నిలువు భాగము పరస్పరము రద్దగును, పాట మిగులును. రెండవది 78 ప్లేట్లకై వేరు దిద్దుబాటు మీట. 1954కు పూర్వపు ప్లేటును నేటి కొలతతో విన్నచో కంఠము మీద దుప్పటి కప్పినట్లుండును. ఈ రెండును కలిపి భాగముల ఖర్చు అత్యల్పము. కాని ఇవి ఉండవలెనని తోచుటకు మాత్రము తయారీదారుడు మన ఇంటి అటక ఎక్కి చూచినవాడై యుండవలెను.

కొండరాతి మీది హమ్

పెట్టె కట్టిన గదిలో ఏ దోషమును లేకుండ పాడినది, కొన్న ఇంటికి వచ్చుసరికి “గుయ్యి”మని హమ్ చేయుట ఈ వ్యాపారములో నిత్యవిపత్తు. మన కరెంటు సెకనుకు 50 మారులు అటునిటు ఊగును. ఆ 50 హెర్ట్జ్ సరిగా పెట్టె అత్యధికముగా పెంచు మంద్రస్థాయిలోనే పడును. పెట్టె సామాన్య స్వరమును నూరు రెట్లు పెంచునపుడు 50 హెర్ట్జ్ వద్ద దాదాపు ఏడువందల రెట్లు పెంచును. టర్న్‌టేబుల్ తీగలోనికి దొంగతనముగా ప్రవేశించిన రవంత కరెంటు కూడ స్పీకరులో సింహనాదము చేయగలదు.

జూబిలీహిల్స్‌లో ఈ నేరమును వెంటనే కొండమీదికి నెట్టుట పరిపాటి. ఇవి 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు బండలు. వీనిలో ఎర్తు గొయ్యి త్రవ్వుట కష్టము, త్రవ్వినను రాయి కరెంటును సులభముగా గ్రహింపదు, బొగ్గును ఉప్పును వేసి నీరు పోయుచుండవలెను. ఇవన్నియు నిజమే, ప్రాణరక్షణకు మంచి ఎర్తు అత్యవసరమనుటయు నిజమే. కాని హమ్‌కు కారణము చాలసార్లు కొండ కాదు. ఒకే యంత్రసముదాయములో రెండు పరికరములు రెండు వేరువేరు దారులలో ఎర్తుకు కలిసియుండి, ఆ రెండు దారులు ఒక వలయముగా ఏర్పడుటయే అసలు కారణము. అనుభవముగల పనివాడు మొదట గొయ్యిని అడుగడు. అన్ని ప్లగ్గులును ఒకే బోర్డునుండి వచ్చునట్లు మార్చి, టర్న్‌టేబుల్ నుండి వచ్చు సన్నని ఎర్తు తీగ పెట్టె వెనుకనున్న మరకు బిగించియున్నదో లేదో చూచును. ట్రాన్స్‌ఫార్మరును పాట నడచు పెట్టెలో నుంచక, వేరొక చిన్న పెట్టెలో పెట్టి గజము దూరమున నుంచును. దీపముల కాంతి తగ్గించు డిమ్మరును, ప్రక్కనే పెట్టిన సెల్‌ఫోనును తొలగింపుమనును. సినిమావారి ఇండ్లలో డిమ్మర్లకు కొదవ యుండదు.

ఈ కారణముచేతనే ఇట్టి పెట్టెను కొరియరులో పంపి చేతులు దులుపుకొనుట కుదరదు. అమ్మువాడు కొనువాని ఇంటికి వెళ్ళి, కూర్చుండి, అతని ప్లేటు మీదనే, అతని స్పీకర్ల మీదనే వినిపింపవలెను. అమ్మకము అక్కడ జరుగును.

> కొనువారు అడుగవలసినవి
> • నా కార్ట్రిడ్జ్ ఏ రకము? ఈ పెట్టె పెంపు దానికి సరిపోవునా?
> • మోనో మీట ఉన్నదా? 78 ప్లేట్ల దిద్దుబాటు ఉన్నదా?
> • వాల్వులతో కట్టినదైనచో లోపల రెండు మూడు వందల వోల్టులు ఉండును. మూత స్క్రూలతో బిగించియున్నదా? స్విచ్చి ఆపిన తరువాత ఆ వోల్టేజి దానంతట అదియే దిగిపోవు ఏర్పాటున్నదా?
> • ఇంట విన్న తరువాత నచ్చకున్నచో ఎన్ని దినములలో తిరిగి తీసికొందురు?
> • మీరు లేని సమయమున దీనిని బాగుచేయగలవారెవరు?

ధర ఎక్కడ పుట్టును?

హైదరాబాదు ఈ విద్యకు అననుకూలమైన ఊరు కాదు. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చినది మొదలు, రక్షణ పరిశోధనశాలలు, ప్రభుత్వరంగ కర్మాగారములు సోల్డరింగు ఐరన్ పట్టుటలో నేర్పరులగు కొన్ని తరములను తయారు చేసినవి. విడిభాగములకు కోఠీలోని గుజరాతీ గల్లీ ఉన్నది. పాత ట్రాన్స్‌ఫార్మర్లు, పాత రేడియో డబ్బాలు, ఒక్కొక్కప్పుడు పాత టర్న్‌టేబుళ్ళు కూడ ఎర్రగడ్డ ఆదివారపు సంతలో దర్శనమిచ్చును. లేనిదెల్ల ఈ పనికి ధర కట్టు పద్ధతి.

కొనువాడు మూత తీయించి చూచును. లోపల నాలుగంగుళముల బోర్డు, దానిమీద రెండు ఐ.సి.లు, గుప్పెడు రెసిస్టర్లు. వెంటనే మాట వచ్చును: “ఇవన్నీ కలిపి కోఠీలో రెండువేలు కూడా కావు కదండీ!” ఆ మాట అసత్యము కాదు. చాల పెట్టెలలో పాట నడచు భాగములకంటె వాటిని మోయు అల్యూమినియపు డబ్బా, దానికి రంధ్రములు వేయించిన కూలి, వెనుకవైపు సాకెట్లు, మంచి ట్రాన్స్‌ఫార్మరు, ఇవియే ఎక్కువ ఖర్చు. వ్యాపారముగా రిజిస్టరు చేసికొని అమ్మినచో 18 శాతము జి.ఎస్.టి. దానిపైని. వీనికన్నిటికి మించినది కాలము: కొలిచి ఏరుటకు, కట్టుటకు, విప్పి మరల కట్టుటకు, ఇంటికి వెళ్ళి కూర్చుండుటకు పట్టిన కాలము. దానికి రసీదు లేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఈ వాదమునకు సమాధానము దొరకుట సులభము. ఇట్టి బేరములో ఒక పెద్దమనిషి అన్నమాట: “కథ రాసిన కాగితం ఖరీదు ఎంత బాబూ?” ఎదుటనున్న రచయిత నవ్వి ఊరకుండెను. కాగితపు ఖరీదుకు కథ అమ్ముకొన్న దినములను ఎరిగిన పరిశ్రమ ఇది; చేతిపనికిని, ఆలోచనకును మూల్యము వేరని ఇక్కడివారికి వేరుగ బోధింపనక్కరలేదు. అయినను బేరమాడుదురు, బేరమాడుట వారి వృత్తిధర్మము.

అమ్మువారు చేయు పొరపాటు మరియొకటి. వాల్వు గొప్పదా, ఐ.సి. గొప్పదా అను అనంతమగు చర్చలోనికి దిగుదురు. ఇ.సి.సి.83 వాల్వు నారింజవన్నెలో వెలుగుచుండుట కంటికి ఇంపు. 5532 అను ఐ.సి. రూపాయలలో దొరకును, కొలతలలో తప్పు పట్టుట కష్టము. శ్రద్ధగా కట్టినచో రెండును చక్కగా పాడును. అశ్రద్ధగా కట్టినచో రెండును చెడగొట్టును. కొనువానికి కావలసినది ఆ చర్చలో జయము కాదు, అమ్మమ్మగారి ప్లేటు. అది వినిపించి మాటలు తగ్గించినవాని పెట్టెయే అమ్ముడుపోవును.

చేతులు మారిన పెట్టె

ఈ వ్యాపారపు మంచిచెడ్డలు తేలునది మొదటి అమ్మకములో కాదు; రెండవ అమ్మకములో. కొన్నవాడు ఇల్లు మారును, విదేశమునకు పోవును, లేదా మరియొక పెట్టె మీద మనసు పడును, ఉన్నదానిని అమ్మజూపును. పేరున్న కంపెనీ పెట్టెయైనచో పాతదానికి కూడ ధర పలుకును. చేతితో కట్టినదానిని చూచి క్రొత్తవాడు జంకును. ధ్వని నచ్చక కాదు. రేపు చెడిపోయినచో దిక్కెవరను భయముచేత. లోపలి అమరిక ఏమిటో కాగితము లేదు. ఏ భాగము విలువ ఎంతో గుర్తులేదు, కొన్ని పెట్టెలలోనైతే రహస్యము పోవునను శంకతో ఐ.సి.ల మీది అక్షరములు గీకివేసియుందురు. కట్టినవాని ఫోను నంబరు మారినదో, కాలమే తీరినదో ఎవరెరుగుదురు? మూడు నెలల శ్రమ, ఎర్రగడ్డ సంతలో తూకమునకు పోవు అల్యూమినియపు డబ్బాగా పరిణమించును.

రహస్యమును దాచుటవలన తన విద్య తనకు దక్కునని తయారీదారుడు తలంచును. ఈ రంగమున దాచదగిన రహస్యము వాస్తవముగా లేదు; దిద్దుబాటు కొలత 1954నుండి లోకమునకు తెలిసినదే, ఐ.సి.ల లెక్కలు తయారీ కంపెనీలే అచ్చువేసి పంచుచున్నవి. తెలియనిది చేతి శ్రద్ధ మాత్రమే. అది కాగితము మీదికి ఎక్కదు కనుక దొంగిలింపబడదు. చలనచిత్రములో శబ్దగ్రాహకుని పేరు తెరమీద పడుటచేత అతని విద్య ఎవ్వరును అపహరింపలేదు. పని వెదకికొని వచ్చినది.

కావున అమ్మువాడు పెట్టెతోపాటు ఇంకొకటి అమ్మవలెను: మూత లోపలివైపు అతికించిన సర్క్యూటు పటము, భాగముల విలువల జాబితా, అమ్మినరోజు కొలిచిన కొలతలు, తేది, తన సంతకము. కొనువాడు వాల్వులా, ఐ.సి.లా అని అడుగుటకు ముందు ఆ కాగితము ఉన్నదా అని అడుగవలెను. ఉన్నచో, కట్టినవాడు లేని నాడు కూడ, పటము చదువగల మెకానికు ఎవడైనను దానిని బ్రతికింపగలడు; మనుమరాలు కూడ ఆ పెట్టెతో ‘మాయాబజార్’ వినగలదు. అట్టి కాగితము గల పెట్టెకు అడిగినంత ఇచ్చినను నష్టము లేదు. అది లేనిదానికి సగము ధర ఇచ్చినను ఎక్కువే.